కొండగూటి ఇంటి పక్కన గుడారం వేసుకోవచ్చా?

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, చాకో లోయలో, గాలో అనే క్యాంప్‌గ్రౌండ్ ఉంది. అక్కడ కొన్ని గుడారాల చోట్లు ఇసుకరాతి కొండ మొదట్లోనే ఉంటాయి. ఆ కొండను ఆనుకుని, చూరులా ముందుకొచ్చిన బండ నీడన, వందల ఏళ్ల కిందట ఎవరో కట్టుకున్న చిన్న ఇంటి గోడలు మిగిలున్నాయి. పొద్దున్నే స్టవ్ మీద టీ పెట్టి తలెత్తితే కనిపించేది అవే.

అక్కడి నుంచి ఓ పూట కారు ప్రయాణం చేస్తే కొలరాడోలోని మేసా వెర్డె వస్తుంది. కొండగూళ్లలో కట్టిన ఇళ్లు అక్కడ దాదాపు 600 ఉన్నాయి. అయినా రాత్రి గడపడానికి ఒకే ఒక్క క్యాంప్‌గ్రౌండ్, అదీ పార్కు గేటు దగ్గర. పేరున్న ఇళ్లు చూడాలంటే అక్కడి నుంచి కొండదారిలో ఇంకా పదిహేను మైళ్లకు పైగా పోవాలి. ఆ క్యాంప్‌గ్రౌండ్ దాటాక గుడారం ఎక్కడ వేసినా నేరమే. ఆరిజోనాలోని కేన్యన్ డి షేలో అయితే నవాహో తెగకు చెందిన గైడ్ వెంట లేకుండా లోయలోకి దిగనివ్వరు. ఇక యూటాలోని సీడర్ మేసాలో పర్మిట్ తీసుకుని, మూట వీపున వేసుకుని, నాలుగు రోజులు లోయలోనే నడుస్తూ, దారి పొడవునా ఇలాంటి ఇళ్లు చూస్తూ, రాత్రిళ్లు అక్కడే పడుకోవచ్చు.

నాలుగు చోట్లూ ఒకే ఎడారి. ఇళ్లు కట్టినవాళ్లూ ఒకే కుదుటివాళ్లు. నియమాలు మాత్రం నాలుగు రకాలు. ఫీనిక్స్ నుంచో డాలస్ నుంచో గ్రాండ్ కేన్యన్, యాంటిలోప్ కేన్యన్, మాన్యుమెంట్ వ్యాలీ చుట్టివచ్చే మనవాళ్లు, ఈ ఇళ్ల ఫొటో ఒకటి చూడగానే అడిగే ప్రశ్న ఒకటే: "అక్కడ టెంట్ వేసుకోవచ్చా అండీ?" అవుననో కాదనో ఒక్క మాటలో చెప్పేయడం కుదరదు. ఆ గూడు ఏమిటో, ఆ నేల ఎవరిదో, ఆ ఇల్లు ఇప్పటికీ ఎవరి లెక్కలో ఉందో విడివిడిగా చూస్తేనే చిక్కు వీడుతుంది.

ముందు గూడు సంగతి. పాత పెంకుటింటి గోడలో దీపం పెట్టుకునే గూడు ఉండేది, గుర్తుందా? కొండకు అలాంటి గూడు పడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, దాన్ని ఊరు పట్టేంత పెద్దది చేసి. ఆరిజోనాలోని బెటాటకిన్ అనే చోట ఆ గూడు ఎత్తు 452 అడుగులు, వెడల్పు 370 అడుగులు, లోతు 135 అడుగులు. దాన్ని మనుషులు తొలవలేదు, నీళ్లు తొలిచాయి. ఇసుకరాయి నీటిని పీలుస్తుంది. వాన నీరు, కరిగిన మంచు నెమ్మదిగా రాతిలోకి దిగి, అడుగున షేల్ లాంటి గట్టి బంకరాతి పొర తగిలితే అక్కడ ఆగిపోతాయి. కిందికి దారి లేక పక్కకు మళ్లి, కొండ ముఖం మీద చెమట పట్టినట్టు ఊరతాయి. చలికాలపు రాత్రి ఆ తడి గడ్డకట్టి ఉబ్బుతుంది, పగటి ఎండకు కరుగుతుంది. అలా రాతి పట్టు సడలి పెచ్చులు పెచ్చులుగా ఊడిపడుతుంది. వేల ఏళ్లు ఇదే తంతు.

ఇంటికి కావలసినవన్నీ ఆ తంతులోనే అమిరాయి. గూడు వెనక గోడకు ఊట ఉంటుంది, ఎడారిలో అంతకన్నా ఏం కావాలి? దక్షిణం వైపు తిరిగిన గూటిలోకి చలికాలపు వాలు ఎండ నేరుగా వస్తుంది, నడినెత్తి నుంచి కాసే వేసవి ఎండను పైనున్న చూరు అడ్డుకుంటుంది. మేసా వెర్డె వాళ్లు ఆరు వందల ఏళ్లకు పైగా ఎక్కువగా కొండపైన, పొలాల పక్కనే బతికారు. గూళ్లలో ఇళ్లు కట్టుకున్నది చివర్లో, సుమారు 1190ల నుంచి 1270ల దాకా మాత్రమే. మనం ఫొటోల్లో చూసి అబ్బురపడేదంతా ఒక సుదీర్ఘ కథలో ఆఖరి అధ్యాయమన్నమాట. అందులోకెల్లా పెద్దదైన క్లిఫ్ ప్యాలెస్‌లో దాదాపు 150 గదులు, 23 కీవాలు ఉన్నాయి. కీవా అంటే నేలలోకి గుండ్రంగా తవ్వి కట్టిన గది. క్రతువులకూ కూడికలకూ వాడేవారు.

గూళ్లను తొలిచిన ఆ పని ఇంకా ఆగలేదు. మేసా వెర్డెలో అందరికీ తేలిగ్గా అందుబాటులో ఉండే స్ప్రూస్ ట్రీ హౌస్‌ను 2015లో మూసేశారు. పైనుంచి రాళ్లు రాలుతున్నాయి. కాబట్టి గూటి కింద పడుకోవడానికి మొట్టమొదటి అభ్యంతరం చట్టంతో వచ్చింది కాదు, నెత్తిన బండ పడుతుందన్నది.

రెండో సంగతి పొడితనం. చూరు కింద వాన పడదు, నేల తడవదు. మామూలుగా ఏడాదిలో కుళ్లిపోయేవి అక్కడ ఏడెనిమిది వందల ఏళ్లు నిలిచాయి: మొక్కజొన్న బెండ్లు, యుక్కా అనే ఎడారి మొక్క నారతో అల్లిన చెప్పులు, టర్కీ కోడి ఈకలు చుట్టి నేసిన దుప్పట్లు, అడుసు మెత్తిన చేతుల వేలిముద్రలు. ఇంటి ముందు వాలులో వాళ్లు పారబోసుకున్న పెంటదిబ్బ ఉంటుంది. చూడటానికి బూడిద రంగు మట్టి, నాలుగు కుండపెంకులు, అంతే. పురావస్తు శాస్త్రజ్ఞులకు మాత్రం గోడల కన్నా అదే విలువైనది. ఏం తిన్నారు, ఏ ఏడు పంట పోయింది, ఎవరితో సరుకులు మార్చుకున్నారు అన్నదంతా అందులో పొరలు పొరలుగా పడి ఉంది. చదునుగా, మెత్తగా ఉంది కదా అని తెలియనివాళ్లు గుడారం వేసేది సరిగ్గా దాని మీదే. మేకులు పొరల్లోకి దిగుతాయి. రాలిన బిస్కెట్ పొడికి ఎలుకలు వస్తాయి, వచ్చినవి ఊరుకోకుండా తవ్వుతాయి. వెంట వచ్చిన కుక్క ఇంకా లోతుగా తవ్వుతుంది.

నిప్పు సంగతి వేరే చెప్పాలి. ఈ ఇళ్ల వయసు ఇంత కచ్చితంగా ఎలా తెలిసిందంటే, కప్పులకు వాడిన దూలాల వల్ల. చెట్టు ఏడాదికి ఒక వలయం వేస్తుంది. వానలు బాగా పడిన ఏడు వెడల్పుగా, కరువు ఏడు సన్నగా. వరుసగా చాలా ఏళ్ల వలయాలు చూస్తే ఆ వెడల్పుల అమరిక మరే కాలంతోనూ కలవదు. ఏ.ఇ. డగ్లస్ అనే ఖగోళ శాస్త్రవేత్త సూర్యుడి మచ్చలకూ భూమ్మీది వానలకూ సంబంధం వెతుకుతూ ఈ దారిలోకి వచ్చాడు. బతికున్న చెట్ల నుంచి వెనక్కి లెక్కపెట్టిన వరుస ఒకటి, శిథిలాల దూలాల నుంచి కట్టిన వరుస ఇంకొకటి ఆయన దగ్గర ఉండేవి. రెండింటికీ మధ్య ఖాళీ. 1929 జూన్‌లో ఆరిజోనాలోని షో లో అనే ఊళ్లో హెచ్‌హెచ్-39 అని గుర్తు పెట్టిన ఒక కాలిన దూలం ముక్క దొరికింది. అది ఆ రెండు వరుసలనూ కలిపేసింది. దాంతో ఒక్కో ఇంటికి ఏ సంవత్సరపు కలప వాడారో చెప్పగలిగారు. 1276 నుంచి 1299 దాకా సాగిన పెద్ద కరువు కూడా ఆ వలయాల్లోనే కనబడింది. బెటాటకిన్ వాళ్లు 1269లోనూ 1272లోనూ దూలాలు నరికి సిద్ధంగా పెట్టుకుని, 1275 ప్రాంతంలో గుంపుగా వచ్చి ఇళ్లు లేపారని జెఫ్రీ డీన్ అనే పురావస్తు శాస్త్రజ్ఞుడు ఇదే పద్ధతిలో తేల్చాడు. వచ్చేవాళ్ల కోసం ముందే కలప సమకూర్చుకున్న ఊరు అది. ఇంత సంగతి దూలాలు చెప్పాయి.

పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ ఇళ్లకు వచ్చిన తొలి యాత్రికులు చలికాచుకోవడానికి పీకి కాల్చింది ఆ దూలాలనే. పంచాంగాన్ని పొయ్యిలో పెట్టడమంటే ఇదే. ఇప్పుడు సీడర్ మేసా లోయల్లో క్యాంప్‌ఫైర్ పూర్తిగా నిషేధం. కట్టెలు బయటి నుంచి తెచ్చుకున్నా సరే. పొగ రాతి బొమ్మల మీద మసిలా పేరుకుంటుంది, కొత్త బొగ్గు పాత బొగ్గులో కలిసి, వయసు తేల్చే కార్బన్ పరీక్షను తప్పుదారి పట్టిస్తుంది. వంటకు చిన్న గ్యాస్ స్టవ్ చాలు.

ఇక నేల ఎవరిది? అసలు ముడి ఇక్కడే ఉంది. మేసా వెర్డె నేషనల్ పార్క్, అంటే దాన్ని ఏర్పరిచింది అమెరికా కాంగ్రెస్, 1906లో. నేషనల్ మాన్యుమెంట్ వేరు. 1906 నాటి పురావస్తు చట్టం కింద అధ్యక్షుడు ఒక్క సంతకంతో ప్రకటించవచ్చు. దాన్ని పార్కుల శాఖే చూడాలని లేదు, ప్రభుత్వ బంజరు భూములు చూసే బీఎల్ఎంకి ఇవ్వవచ్చు, అటవీ శాఖకూ ఇవ్వవచ్చు. పార్కుల శాఖ మామూలుగా గీత గీసిన చోటే పడుకోమంటుంది. బీఎల్ఎం, అటవీ శాఖలు అంత పట్టుదలకు పోవు. చాలాచోట్ల బాటకు దూరంగా, నీటికి దూరంగా, పాత ఇళ్లకు దూరంగా ఎక్కడైనా గుడారం వేసుకోనిస్తాయి. న్యూమెక్సికోలోని హీలా కొండగూటి ఇళ్లు ఈ రెండింటికీ నడుమ ఉంటాయి. 42 గదులున్న ఆ మాన్యుమెంట్ చిన్నది, చుట్టూ ఉన్నది అటవీ శాఖ నేల. ఆ ఇళ్లకు నడిచి వెళ్లేంత దగ్గర్లోనే రుసుము లేని క్యాంప్‌గ్రౌండ్ ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు, ముఖ్యంగా పిల్లలతో వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఆ చోటూ, చాకోలోని గాలో.

యూటాలోని బేర్స్ ఇయర్స్ సంగతి వార్తల్లో చూసే ఉంటారు. సీడర్ మేసా అందులోదే. హోపీ, నవాహో, జూని, రెండు యూట్ తెగలు కలిసి అడిగితే 2016 డిసెంబరులో ఒబామా 13 లక్షలకు పైగా ఎకరాలను మాన్యుమెంట్‌గా ప్రకటించారు. ఏడాది తిరగకుండానే ట్రంప్ అందులో దాదాపు 85 శాతం కోసేశారు. 2021 అక్టోబరులో బైడెన్ తిరిగి చేర్చారు. హద్దు మీద పోట్లాట అంతటితో తెగిపోలేదు. దీన్ని చూసి కొందరు, హద్దు జరిగితే బయటపడ్డ నేల మీద కుండపెంకులు ఏరుకోవచ్చనుకుంటారు. కుదరదు. 1979లో వచ్చిన పురావస్తు వనరుల రక్షణ చట్టానికి మాన్యుమెంట్ హద్దుతో నిమిత్తం లేదు. ఫెడరల్ ప్రభుత్వ నేల, తెగల నేల అంతటా వర్తిస్తుంది. వందేళ్లు దాటిన వస్తువును తవ్వినా, కదిలించినా, పాడుచేసినా మొదటి నేరానికే పదివేల డాలర్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు. నష్టం, మరమ్మతు ఖర్చు కలిపి 500 డాలర్లు దాటితే రెండూ రెట్టింపు. బండిని కూడా జప్తు చేయవచ్చు. ఎక్కడ ఏ ఇల్లు ఉందో బయటపెట్టకుండా ఉండే హక్కును కూడా ఆ చట్టమే అధికారులకు ఇచ్చింది. ఆఫీసుకు ఫోన్ చేసి "ఇంకేమైనా దగ్గర్లో ఉన్నాయా?" అంటే వాళ్లు మాట దాటేసేది అందుకే. ఫొటోకు లొకేషన్ తగిలించి పెట్టొద్దని బతిమాలేదీ అందుకే. ప్రైవేటు పొలంలో మాత్రం ఈ చట్టం చేయి చాలావరకు ఆగిపోతుంది. నాకది ఎప్పుడూ మింగుడుపడదు, కానీ అక్కడి ఆస్తి హక్కుల తీరు అంతే.

ఇంత చట్టం ఊరికే రాలేదు. 1891లో గుస్తాఫ్ నోర్డెన్‌షోల్డ్ అనే స్వీడన్ యువకుడు మేసా వెర్డెలో తవ్వి, వస్తువులను పెట్టెలకెత్తి రైలెక్కించబోతుంటే డురాంగో ఊళ్లో అరెస్టు చేశారు. చేసి ఏం లాభం? ఆపడానికి అప్పటికి చట్టమే లేదు. వదిలేశారు. వస్తువులు చివరికి ఫిన్లాండ్ జాతీయ మ్యూజియానికి చేరాయి. వాటితోపాటు సమాధుల్లోంచి తీసిన దాదాపు 20 మంది అస్థికలు కూడా. అవి 2020లో వెనక్కి వచ్చాయి. తెగల పెద్దలు వాటిని మళ్లీ మేసా వెర్డె మట్టిలోనే కలిపారు.

తెగల పెద్దలంటే ఎవరు? 1300 నాటికి గూళ్లు ఖాళీ అయ్యాయి. అంతమాత్రాన జనం మాయం కాలేదు. దక్షిణానికీ తూర్పుకూ కదిలి వెళ్లారు. న్యూమెక్సికోలోని 19 ప్యూబ్లో ఊళ్లు, ఆరిజోనాలోని హోపీ ఊళ్లు వాళ్ల వారసులవే. కీట్ సీల్ అని మ్యాపులో ఉండే పెద్ద కొండగూటి ఊరును హోపీలు కవెస్తిమ అంటారు. అక్కడి నుంచి వచ్చామని చెప్పుకునే గోత్రాలు వాళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల గోత్రం తల్లి నుంచి వస్తుంది. పాత పుస్తకాల్లో కనిపించే 'అనసాజి' అనే మాట నవాహోలది. అర్థం దాదాపు 'శత్రువుల పూర్వీకులు' అని. తమ తాతముత్తాతల్ని ఆ పేరుతో పిలిస్తే ఎవరికి నచ్చుతుంది? అందుకే ఇప్పుడు పూర్వ ప్యూబ్లో జనం అంటున్నారు. 'శిథిలం', 'విడిచిపెట్టిన ఇల్లు' అన్న మాటలూ వాళ్లకు గిట్టవు. చెల్లాచెదురుగా పడున్న పెంకులను హోపీలు తమ పూర్వీకుల అడుగుజాడలంటారు. నాలుగు పెంకులు ఏరి చదును రాతి మీద అందంగా పేర్చి వెళ్లడం యాత్రికులకు ఓ సరదా. దొంగతనమేమీ కాదు కదా అనుకుంటారు. ఏ పెంకు ఎక్కడ పడి ఉందన్న సమాచారం మాత్రం దాంతో పోతుంది. గోడల మీద పేర్లు చెక్కే జబ్బు గురించి మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మన కోటల్లో ఏ బురుజు చూసినా తెలుస్తుంది.

నవాహోల తీరు మరొకటి. ఈ లోయలు ఇప్పుడు చాలావరకు వాళ్ల నేలలో ఉన్నాయి. నవాహో నేషన్ అనే వాళ్ల స్వపాలన ప్రాంతపు విస్తీర్ణం 27 వేల చదరపు మైళ్లకు పైనే, అంటే తెలంగాణలో సగం కన్నా ఎక్కువ. కానీ చనిపోయినవాళ్లు ఉన్న చోటికి పోకూడదన్నది వాళ్ల సంప్రదాయం. పాత ఇళ్లలోకి అడుగుపెట్టడానికి ఇష్టపడరు. కేన్యన్ డి షే మాన్యుమెంటే అయినా నేల మొత్తం తెగది. లోయ అడుగున నవాహో కుటుంబాలు ఇప్పటికీ మొక్కజొన్న వేస్తాయి, గొర్రెలు కాస్తాయి. గైడ్ లేకుండా దిగనివ్వకపోవడం మనకు విసుగనిపించవచ్చు. మన పెరట్లోకి రోజూ నలభై మంది తెలియనివాళ్లు కెమెరాలతో వస్తుంటే మనం మాత్రం ఊరుకుంటామా? ఒంటరిగా దిగడానికి ఉన్న ఒక్క కాలిబాటను కూడా 2020లో మూసేశారు. రాత్రి ఉండాలంటే లోయ బయట, తెగ పార్కుల శాఖ నడిపే క్యాంప్‌గ్రౌండ్ ఉంది.

ఈ దారాలన్నీ ఒక్కచోట కలిసేది కీట్ సీల్ దగ్గర. నవాహో నేషనల్ మాన్యుమెంట్ అన్న పేరు చూసి మోసపోకండి, ఇళ్లు ప్యూబ్లో వాళ్లవి, చుట్టూ నేల నవాహోలది, ఇళ్లున్న చిన్న ముక్కలు మాత్రం 1909లో మాన్యుమెంట్‌గా ప్రకటించినవి, ఇప్పుడు పార్కుల శాఖ చేతిలో ఉన్నాయి. రానుపోను 17 మైళ్ల నడక. పర్మిట్ ఇచ్చే రోజుల్లో కూడా రోజుకు 20 మందిని మించి పంపరు. మొదట్లోనే వెయ్యి అడుగుల దిగుడు. ఆ తర్వాత వాగులోనే, అటూ ఇటూ దాటుతూ, అక్కడక్కడా కాలు దిగబడే ఊబి ఇసుకలో నడవాలి. వాగులో నీళ్లుంటాయి, తాగడానికి పనికిరావు. పైన పశువులు మేస్తుంటాయి. తాగే నీరంతా మోసుకుపోవాలి. బాట నవాహోల నేల మీదుగా పోతుంది కాబట్టి పక్కకు తప్పకూడదు. చివర్లో చిన్న క్యాంపు, ఓక్ చెట్ల నీడ. ఇల్లు చూడాలంటే అక్కడుండే రేంజర్ వెంట నిచ్చెన ఎక్కాలి. రాత్రి మాత్రం క్యాంపులోనే పడుకోవాలి. కొండగూటి ఇంటికి దగ్గరగా, న్యాయంగా, అన్ని పక్షాల ఒప్పుదలతో పడుకోగలిగే చోట్లలో ఇంతకన్నా మంచిది నాకు తెలియదు.

సీడర్ మేసా వెళ్లేవాళ్లకు కొన్ని ముక్కలు. గుంపు 12 మందికి మించకూడదు. మూన్ హౌస్ అనే ఇంటికి రోజుకు 20 మందే. నేల మీద నల్లగా, మాడిన అట్టులా గరుకుగా కనిపించే పొరను తొక్కకండి. అది సూక్ష్మజీవులు అల్లిన బతికున్న మట్టి, ఒక్క అడుగు పడితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా అక్కడా 'మాన్‌సూన్' అనే అంటారు. మన ముసురులా రోజుల తరబడి పట్టదు, మధ్యాహ్నం ఉరిమి ఓ గంట కుమ్మరిస్తుంది. మీ నెత్తిన చుక్క పడకపోయినా పదిమైళ్ల ఎగువన పడ్డ వాన లోయలో గోడలా వస్తుంది. వాగు ఇసుక ఎంత మెత్తగా ఉన్నా అక్కడ గుడారం వేయొద్దు.

ఫీనిక్స్ నుంచి వేసవిలో బెటాటకిన్, కీట్ సీల్ వైపు బయల్దేరేవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. ఆరిజోనా గడియారం ఏడాదంతా ఒకటే, వేసవిలో గంట ముందుకు జరపదు. నవాహో నేషన్ జరుపుతుంది, కాబట్టి రేంజర్ టైము నవాహో టైమే. నడుమ ఉన్న హోపీలు మళ్లీ జరపరు. దారిలో ట్యూబా సిటీ వస్తుంది, అది నవాహోలది. రోడ్డుకు అవతలి పక్క మోయెన్‌కోపి, అది హోపీలది. ఇవతల ఎనిమిదైతే అవతల ఏడు.